నిర్వైరము - వర్తకుని నిత్యజీవితము

వైరము లేకుండుట యనగా నోరు మూసికొని నష్టపడుటయేనా యని అంగడిలో కూర్చుండువారు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. భగవద్గీత పండ్రెండవ అధ్యాయము భక్తుని గుణములను లెక్కించుచు, ఏ ప్రాణిని ద్వేషింపకుండుటను మొట్టమొదట నుంచినది. అహింసయందు స్థిరపడినవాని సన్నిధిలో ఇతరులును వైరమును విడుతురని పతంజలి మతము. మన క్షమాపణ దినమున మనము తలచుకొనునదియు నిదియే. కాని బాకీ రావలసినచోట, హక్కు పోవుచున్నచోట ఈ గుణమెట్లు నిలుచును?

ఇందులకు చక్కని ఉదాహరణము బెంగుళూరునకు చేరువనే, మాగడి ప్రాంతపు కల్య గ్రామమున శాసనరూపమున నున్నది. శ్రవణబెళగొళలోను అట్టి శాసనమే కలదు. క్రీ.శ. 1368లో జైనులకును శ్రీవైష్ణవులకును వివాదము పుట్టెను. ఆనెగొంది, హొసపట్టణము, మన తెలుగునాటి పెనుగొండ, కల్లెహ (నేటి కల్య) మున్నగు చోట్ల జైనులు తమకు జరుగుచున్న అన్యాయమును విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయలకు విన్నవించుకొనిరి. గమనింపుడు: వారు ఊరకుండలేదు. మొరపెట్టుకొనుట వైరము కాదు. రాజు జైనుల చేతిని వైష్ణవుల చేతిలో నుంచి, రెండు దర్శనములకు భేదము లేదనియు, జైనులకు పంచమహావాద్యములు, కలశము పూర్వమువలెనే చెల్లవలయుననియు తీర్పు చెప్పెను. జైనులకు కలుగు హానివృద్ధులను వైష్ణవులు తమవిగా నెంచవలయునట!

అంతటితో విడిచిన అది సభామర్యాదగా మిగిలిపోయెడిది. లెక్కయు కుదిర్చిరి. రాజ్యమందలి ప్రతి జైనగృహమును ఏటికొక హణము చొప్పున నీయవలెను. తిరుమల తాతయ్య ఆ సొమ్ముతో బెళగొళ దేవునికి ఇరువదిమంది కావలివారి నేర్పరచి, మిగిలినదానితో శిథిల జినాలయములకు సున్నము వేయింపవలెను. తాతయ్య వైష్ణవుడు. ప్రతిపక్షమువాని చేతికే గల్లాపెట్టె నప్పగించుట! మన భాగస్తుల తగవులలో ఇంతటి ధైర్యము చూపువారెందరు?

తరువాత కల్లెహ హర్విసెట్టి కుమారుడు బుసువిసెట్టి రాజునకు విన్నవించి, తాతయ్యను పిలిపించి, ఆ శాసనమును పునరుద్ధరింపజేసెను. ఉభయ సమయములవారును కలిసి అతనికి సంఘనాయకత్వము నొసగిరి. ఒడంబడికయు ఇంటికప్పు వంటిదే, చూచుకొనకున్న కారును.

బాకీదారునిపై దావా వేయుట తప్పు కాదు. అతని యింటి పెండ్లిపిలుపును త్రిప్పిపంపుట, అతనికి సరుకీయవలదని పేటయంతయు చెప్పి తిరుగుట, అది వైరము. అన్నదమ్ములు వేరుపడునపుడు చిట్టా ఆవర్జాలను ఇరువురికిని నమ్మకమైనవానిచే చూపించుకొనిన కోర్టు ఖర్చు తప్పును. పండుగనాడు ఒకే పంక్తిని కూర్చుండనుగలరు.