ఆరేళ్ల దవడ పన్ను: ఫిల్లింగా, క్యాపా?

“పాలపన్నే కదా, ఊడి మళ్లీ వస్తుంది” అని మనం తరచూ అంటుంటాం. ఆరేళ్ల వయసులో పాలపళ్ల వరుస వెనుక, ఏ పన్నూ ఊడకుండానే మొలిచే నాలుగు దవడ పళ్లు పాలపళ్లు కావు. అవి జీవితాంతం ఉండాల్సినవి.

కొందరు పిల్లలకు ఈ పళ్లు మొలిచేటప్పుడే తెల్లటి, పసుపు లేదా గోధుమరంగు మచ్చలతో వస్తాయి. పైనున్న పింగాణీ పొర సుద్దలా మెత్తగా ఉండి, నమిలేటప్పుడు పెళ్లలుగా రాలుతుంది. చల్లనీళ్లు తగిలినా జివ్వుమంటుంది. నొప్పికి భయపడి బిడ్డ అటువైపు బ్రష్ చేయడు, దాంతో పన్ను త్వరగా పుచ్చుతుంది. 2001లో దంత వైద్యులు దీనికి ఎంఐహెచ్ అని పేరు పెట్టారు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల నీళ్లే కారణమా అని మన ప్రాంతంలో అడుగుతుంటారు. ఈ పొర ప్రధానంగా పుట్టినప్పటి నుంచి మూడేళ్లలోపు తయారవుతుంది. ఆ కాలంలో వచ్చిన జబ్బులు కారణం కావచ్చని వైద్యుల అనుమానం. ఒకే కారణమని ఇంకా తేలలేదు. నల్లగొండలో చూసే ఫ్లోరోసిస్ వేరు. అందులో రెండువైపుల పళ్లూ ఒకేలా మారతాయి. ఇందులో అంచు స్పష్టంగా ఉన్న మచ్చలు కొన్ని పళ్లకే ఉంటాయి.

ఇక చికిత్సలను పోల్చి చూద్దాం.

పొర రాలకుండా, జివ్వుమనడమే ఉంటే ఫ్లోరైడ్ వార్నిష్ పూయించాలి.

గ్లాస్ అయానమర్ ఫిల్లింగ్: పన్ను పూర్తిగా మొలవకపోయినా, తడి ఉన్నా పెట్టవచ్చు. త్వరగా అరుగుతుంది కనుక తాత్కాలిక ఉపశమనానికే మంచిది.

కాంపోజిట్ ఫిల్లింగ్: పంటి రంగులో ఉంటుంది, గట్టిది. అయితే పన్ను పొడిగా ఉండాలి, చుట్టూ గట్టి పొర ఉండాలి. బలహీనమైన అంచుకు అతికిస్తే, ఆ అంచే విరిగి ఫిల్లింగ్ ఊడుతుంది.

స్టీలు క్యాప్: పన్నంతటినీ కప్పుతుంది. చాలావరకు ఒకే పూటలో అయిపోతుంది. చూపుకు లోహంలా కనిపిస్తుందన్నదే లోటు. పెద్దయ్యాక మార్పించుకోవచ్చు.

పన్ను మరీ శిథిలమైతే, ఎక్స్‌రే చూసి, 8 నుంచి 10 ఏళ్ల మధ్య తీయించడం కూడా ఒక మార్గం. సరైన సమయంలో తీస్తే వెనుక పన్ను ముందుకు జరిగి ఆ ఖాళీని చాలావరకు నింపుతుంది.

షిఫ్టు డ్యూటీ చేసే తండ్రికి ప్రతి ఆస్పత్రి ప్రయాణం ఒక రోజు కూలి నష్టం. పలుచోట్ల విరిగిన పన్నుకు చవకని మళ్లీ మళ్లీ ఫిల్లింగ్ పెట్టించడం కంటే ఒక్క క్యాప్ మేలని మా అభిప్రాయం. నిర్ణయం మాత్రం పిల్లల దంత వైద్యులదే. సంగారెడ్డిలో ఎం.ఎన్.ఆర్. దంత వైద్య కళాశాల అందుబాటులో ఉంది.

ఈ రాత్రే పిల్లల నోట్లో టార్చి వేసి, చిట్టచివరి పన్ను చూడండి. మచ్చ కనిపిస్తే నొప్పి వచ్చేదాకా ఆగకండి.