దైవాజ్ఞ – పొరుగువాని కోసం కట్టిన పిట్టగోడ

పఠించవలసిన వేదభాగం: ద్వితీయోపదేశకాండము 22:8, 24:14-22



“దేవుడు ప్రేమామయుడైతే మనకు ఇన్ని ఆంక్షలు ఎందుకు పెట్టాడు?” అని సత్యోపదేశ తరగతుల్లో యువతీయువకులు అడుగుతుంటారు. “అంతా నీ మేలు కోసమే” అని మనం జవాబు చెబుతాం. ఆ జవాబు నిజమే గాని సంపూర్ణం కాదు. దైవాజ్ఞ దానిని విన్నవానిని కాపాడుతుంది. అతని చేతిక్రింద ఉన్నవానిని, అతని ఇంటికి వచ్చిపోయేవానిని కూడ కాపాడుతుంది. ఈ వారం ఈ రెండవ సంగతిని ధ్యానిద్దాం.

ముందు విడుదల, తరువాత ఆజ్ఞ

పది ఆజ్ఞలు “చేయవద్దు” అనే మాటతో మొదలుకావు. ఐగుప్తు దాస్యం నుండి ప్రజలను విడిపించిన ప్రభువుగా దేవుడు ముందుగా తన్ను తాను తెలియపరచుకుంటాడు (నిర్గమ 20:2). అంటే ఆజ్ఞలను పాటించినందుకు బహుమానంగా ఇశ్రాయేలీయులకు విడుదల దొరకలేదు. విడుదల పొందినవారికే ఆజ్ఞలు ఇవ్వబడ్డాయి.

ఎందుకు? ఐగుప్తులో ఇటుకలు చేసిన ఆ జనానికి కొరడా పట్టిన యజమానులే తెలుసు. రేపు తమకు పొలాలు, పనివారు ఏర్పడినప్పుడు వారు కూడ అలాగే ప్రవర్తించే ప్రమాదం ఉంది. అందుకే విశ్రాంతిదినపు ఆజ్ఞలో దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి అందరినీ చేర్చాడు. “నీవూ ఒకప్పుడు బానిసవే” అని జ్ఞాపకం చేశాడు (ద్వితీ 5:14-15).

చిన్న ఆజ్ఞ, పెద్ద ప్రేమ

కొత్త ఇల్లు కట్టుకున్నవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, లేకుంటే అక్కడనుండి పడి చనిపోయినవాని రక్తదోషం ఆ ఇంటిమీదికి వస్తుందని ధర్మశాస్త్రం చెబుతున్నది (ద్వితీ 22:8). ఆ దేశపు ఇండ్లకు చదునైన మిద్దెలు ఉండేవి. జనం వాటిమీద పనులు చేసుకునేవారు, పడుకునేవారు. తన మిద్దె అంచు ఎక్కడున్నదో ఇంటి యజమానికి తెలుసు. చీకట్లో లేచిన అతిథికి, ఆడుకునే పసివానికి తెలియదు. ఖర్చు యజమానిది, దక్కేది పరుల ప్రాణం.

వడ్డాది, చోడవరం ప్రాంతాల వారికి చెరకు, బెల్లం పనులు కొత్తకాదు. క్రషర్ దగ్గర వదులు బట్టలతో నిలబడవద్దని, మరిగే పాకం దగ్గరకు పిల్లలను రానీయవద్దని పెద్దలు గట్టిగా కేకలు వేస్తారు. ఆ కేకలో కోపమున్నా దాని వెనుక ప్రేమ ఉన్నదని అందరికీ తెలుసు. దేవుని “వద్దు” అటువంటిదే.

అయితే అదే పొలంలో మనం వినడానికి ఇష్టపడని ఆజ్ఞ మరొకటి ఉంది. కూలివాని కూలి ప్రొద్దుగ్రుంకక మునుపే ఇవ్వాలి, ఎందుకంటే అతడు పేదవాడు, దానిమీదే ఆశ పెట్టుకొని ఉన్నాడు (ద్వితీ 24:15). చెరకు సొమ్ము రైతు చేతికి ఆలస్యంగా రావచ్చు. ఆ కష్టం నిజమైనదే. కాని ఆ ఆలస్యాన్ని భరించే శక్తి కోతకూలీకి రైతుకంటె తక్కువ. అతని పొయ్యి ఆ సాయంత్రమే వెలగాలి.

స్త్రీలు కోరిన కట్టడ

కట్టడ లేకపోతే ఎవరు నష్టపోతారో మన తెలుగునాట స్త్రీలు ఒకసారి స్పష్టంగా చూపించారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న స్త్రీలు సారాకు వ్యతిరేకంగా ఉద్యమించారు. 1992లో అది ఊరూరా వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారా నిషేధించబడింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దానిని సడలించారు. త్రాగేవానికి ఆ నిషేధం తన స్వేచ్ఛమీద దాడిగా తోచి ఉండవచ్చు. అతని భార్యకు, బిడ్డలకు అది రాత్రిపూట నిశ్చింతగా నిద్రపోయే అవకాశం. ప్రభుత్వ చట్టం మారినా, ఆ బిడ్డల పట్ల తండ్రికి దేవుడు అప్పగించిన బాధ్యత సడలిపోలేదు.

ఆజ్ఞకు గీటురాయి

నియమాన్ని ఆయుధంగా వాడుకొనేవారు కూడ ఉన్నారు. విశ్రాంతిదినాన ఊచచేయిగల మనుష్యుని స్వస్థపరచినందుకు పరిసయ్యులు యేసుప్రభువును చంపజూశారు (మార్కు 3:1-6). విశ్రాంతిదినం మనుష్యుని కొరకే నియమించబడిందని ప్రభువు అంతకుముందే తెలియజేశాడు (మార్కు 2:27). కాబట్టి దైవాజ్ఞ పేరు చెప్పి భార్యను అణచివేసేవాడు, పేదవానిని అవమానించేవాడు దేవుని పక్షాన మాట్లాడటం లేదు.

1993 ఆగస్టు 6న రెండవ జాన్ పాల్ జగద్గురువులు వెలువరించిన ‘వెరితాతిస్ స్ప్లెందోర్’ అనే విశ్వలేఖలో ధనిక యువకుని ప్రశ్నను (మత్తయి 19:16) ధ్యానించారు. “చేయవద్దు” అనే ఆజ్ఞలు పొరుగువాని ప్రాణాన్ని, వివాహబంధాన్ని, ఆస్తిని, సత్యాన్ని, మంచిపేరును కాపాడతాయని అందులో బోధించారు. నరహత్య చేయవద్దు, వ్యభిచరింపవద్దు, దొంగిలవద్దు, అబద్ధసాక్ష్యం చెప్పవద్దు అనే ఆజ్ఞలను ఒక్కొక్కటిగా తీసుకోండి. ప్రతిదాని వెనుక ఒక మనిషి నిలబడి ఉంటాడు. అతనికి మనవలన హాని కలుగకూడదని దేవుని కోరిక.

కుటుంబంలో ఆలోచించండి

1. మన ఇంటిలో పిట్టగోడ లేని చోటు ఏది? మన మాటవలన, త్రాగుడువలన, అప్పువలన ఎవరు పడిపోతున్నారు?
2. మన దగ్గర పనిచేసినవారికి ఇవ్వవలసిన కూలి నిలిచి ఉన్నదా?
3. మన పిల్లలకు నియమం పెట్టినప్పుడు, అది ఎవరిని కాపాడుతుందో వివరించి చెబుతున్నామా?

ప్రార్థన: ప్రభూ, నీ ఆజ్ఞలలో నీ ప్రేమను చూచే కన్నులు మాకు దయచేయుము. మా చేతిక్రింద ఉన్నవారు మమ్మును చూచి భయపడక నెమ్మదిగా జీవించునట్లు అనుగ్రహించుము. ఆమెన్.