ఫోను కూడా సాక్ష్యం చెబుతుంది

పొన్నూరులో ఒక పొదుపు సంఘం ఉందనుకుందాం. ఆ సంఘంలో ఒక అక్క ఉంది. కూలి డబ్బులు బ్యాంకులో దాచుకుంది. ఒకరోజు ఆమె ఫోను మోగింది.

"బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ ఖాతా ఆగిపోతుంది. మీ ఫోనుకు ఆరు అంకెలు వచ్చాయి. చదివి చెప్పండి" అన్నాడు ఒకడు.

అక్క ఈ మధ్యనే చదవడం నేర్చుకుంది. అంకెలు తప్పు లేకుండా చదివి చెప్పింది. ఖాతాలోని 18,000 రూపాయలు పోయాయి.

"నాకు చదువు రాకపోయినా బాగుండేది. డబ్బన్నా మిగిలేది" అని ఏడ్చింది అక్క.

పక్కింటి అమ్మాయి పరుగున వచ్చింది. ఆమె ఇంటర్ పాసయింది.

"ఏడవకు పెద్దమ్మా. ముందు 1930కి ఫోను చేద్దాం. ఆ మెసేజి మాత్రం తుడపొద్దు. ఫోను ఏ టైముకు వచ్చింది? ఏ నంబరు? ఎంత పోయింది? అన్నీ కాగితం మీద రాయి" అంది.

అక్క తన చేత్తోనే రాసింది. 1930కి చెప్పారు. బ్యాంకుకు, పోలీసులకు కూడా చెప్పారు. కొంత డబ్బు దొంగ చేతికి పోకుండా ఆగింది. కొంత పోయింది. చెప్పడం ఆలస్యమైతే అదీ దక్కేది కాదు.

ఆ రాత్రి అమ్మాయి తన తల్లితో అంది. "అమ్మా, నేను ఈ చదువే చదువుతాను."

"ఆడపిల్లవి, దొంగల సంగతి నీకెందుకే?" అంది తల్లి.

"దొంగలు ఆడవాళ్ల డబ్బు వదిలేస్తున్నారా అమ్మా?"

తల్లి మాట్లాడలేదు.

ఏమిటీ చదువు?

ఇందులో రెండు భాగాలు ఉన్నాయి. ఇంటికి తాళం వేయడం ఒకటి. దొంగ పడ్డాక అడుగుజాడలు వెతకడం రెండోది. కంప్యూటరుకు, ఫోనుకు తాళం వేసే విద్య సైబర్ సెక్యూరిటీ. వాటిలో దొంగ జాడ వెతికే విద్య డిజిటల్ ఫోరెన్సిక్స్.

ఫోనులో ఒక ఫొటో తుడిచేశాం. అది వెంటనే పోతుందా? చాలాసార్లు పోదు. పుస్తకం ముందు పాఠాల పట్టిక ఉంటుంది. పట్టికలో ఒక పేరు కొట్టేస్తే లోపలి పాఠం పోదు కదా! ఇదీ అలాంటిదే. దానిమీద కొత్తది రాసేదాకా పాతది ఉండవచ్చు. దాన్ని వెతికి తీయడం ఈ చదువులో నేర్పుతారు.

అసలు ఫోను మీద పని చేయరు. దస్తావేజు పెట్టెలో దాచి నకలు చదువుతాం. అలాగే ఫోనులో ఉన్నదానికి నకలు తీసి, ఆ నకలును పరీక్షిస్తారు.

నకలులో ఏమీ మారలేదని ఎలా తెలుస్తుంది? కంప్యూటరు లెక్క కట్టి ఒక ముద్ర తీస్తుంది. దాన్ని హ్యాష్ అంటారు. అది మన వేలిముద్ర లాంటిది. ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అనే కొత్త చట్టం అమల్లో ఉంది. ఫోను, కంప్యూటరు రికార్డులను కోర్టుకు ఇచ్చేటప్పుడు, ధ్రువపత్రంలో ఈ ముద్రను కూడా రాయాలి.

ఫోను ఎవరు ఇచ్చారు, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు? ప్రతిదీ రాసి సంతకం చేయాలి. ఒక్క సంతకం తప్పితే కోర్టులో ప్రశ్న వస్తుంది.

కంప్యూటరు సాక్ష్యం పెద్ద కేసుల్లోనూ పనికొచ్చింది. 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ లెక్కల మోసం బయటపడింది. చేయని పనికి బిల్లులు పుట్టించి కంప్యూటరులో చేర్చారు. దర్యాప్తు చేసినవాళ్లు వాటిని కంప్యూటరు రికార్డుల నుంచే బయటికి తీశారు. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులని తేల్చింది.

ఎక్కడ చదవాలి?

ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివి, ఈఏపీసెట్ రాయాలి. మన రాష్ట్రంలో కొన్ని ఇంజనీరింగు కాలేజీల్లో సైబర్ సెక్యూరిటీ ఉంది. అది నాలుగేళ్ల చదువు. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ కూడా చేయవచ్చు. గుజరాత్‌లోని గాంధీనగర్‌లో జాతీయ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది. అది 2020లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. అక్కడ డిజిటల్ ఫోరెన్సిక్స్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ ఉంది.

చదివినవాళ్లందరికీ పోలీసు ఉద్యోగం రాదు. బ్యాంకులకు, కంపెనీలకు, ప్రభుత్వ ఫోరెన్సిక్ లేబరేటరీలకు ఇలాంటివాళ్లు కావాలి. కాలేజీలో చేర్చేముందు మూడు సంగతులు అడగాలి. గుర్తింపు ఉందా? ఫీజు మొత్తం ఎంత? లేబరేటరీ ఉందా?

"పెద్దమ్మ రాసిచ్చిన కాగితమే మొదటి సాక్ష్యం అమ్మా. చదువు వచ్చి చెడిపోలేదు. చదువు వచ్చింది కాబట్టే రాసింది. ఏది చదివి చెప్పకూడదో అదొక్కటే ఇంకా తెలియాలి" అంది అమ్మాయి.

తల్లి దరఖాస్తు తీసుకుంది. ప్రతి గడీ కూడబలుక్కుని చదివింది. ఫీజు దగ్గర ఆగింది. నిట్టూర్చింది. తర్వాత కలం తీసింది. వేలిముద్ర వేయలేదు. సంతకం చేసింది.

ఆలోచించండి, చర్చించండి

1. ఫోనుకు వచ్చిన అంకెలు ఎవరికీ ఎందుకు చెప్పకూడదు?
2. మోసం జరిగితే ఏయే వివరాలు రాసుకోవాలి?
3. మీ ఇంట్లో ఆడపిల్ల ఇలాంటి చదువు చదువుతానంటే మీరేమంటారు?

రాయండి: 1930 నంబరును పెద్ద అంకెలతో రాసి గోడకు అంటించండి.