కార్డుల వెల – కార్డుల విలువ

నేను ఆత్మకూరులో ఎనిమిదవ తరగతి చదువుచుండిన దినములవి. 1970వ దశకమున మా ప్రాంతమునందలి సోమశిలయొద్ద పెన్నానదిపై జలాశయపు పనులు సాగుచుండెను. ఇంజనీర్లును, లారీ డ్రైవర్లును, కూలీలును మా బస్సుస్టాండు మీదుగా వచ్చుచు పోవుచుండిరి. వారు పారవేసిన సిగరెట్టు పెట్టెలే మాకు నిధులు. వానిని విప్పి, చదునుచేసి, కట్టలుగా పేర్చి, ఆటలో పందెముగా ఒడ్డెడివారము. చార్మినారు పెట్టె అడుగడుగునను దొరకును గనుక దానికి విలువ తక్కువ. అరుదుగా కనబడు పెట్టెకు పది చార్మినారులైనను ఇచ్చెడివారము. ఈ ధరలను నిర్ణయించినది ఏ సర్కారును కాదు, ఏ వర్తకుడును కాదు, మేమే.

ఒకనాడు నా సహపాఠి యొకడు, మద్రాసునుండి వచ్చిన బంధువు పారవేసినదట, ఒక విదేశపు పెట్టెను తెచ్చెను. దానిపై బంగారు రంగు అక్షరములు మెరయుచుండెను. నా మనస్సు నిలువలేదు. మా నాయన వేరుసెనగలు అమ్మిన సొమ్ముతో కొనియిచ్చిన జామెట్రీ పెట్టెను వాని చేతిలో పెట్టి దానిని పుచ్చుకొంటిని. నెలదినములు తరగతికి నేనే రాజును. వేసవి సెలవులు ముగిసి బడి తెరచునప్పటికి పిల్లలందరును గోలీల ఆటలో పడిరి. నా బంగారు పెట్టెకు ఒక్క గోలీయైనను ఇచ్చువాడు లేకపోయెను. పెట్టె మారలేదు, దానిని కోరువారు మారిరి. సంగతి తెలిసియు నాయన నన్ను కొట్టలేదు. కొట్టియున్న బాగుండెడిది. ఆ యేడంతయు వృత్తలేఖిని లేక మా యమ్మ గాజుతో వృత్తములు గీచితిని.

మొన్నటి వేసవిలో నా మనుమడు అట్టపెట్టెనిండ క్రికెట్ ఆటగాండ్ర కార్డులు తెచ్చి నా ముందు కుమ్మరించెను. పండుగలకు బంధువులిచ్చిన సొమ్మంతయు వానికే వెచ్చించినాడు. కొన్నవి నాలుగు వందలకు పైగా. వేరువేరు రకములు 99 మాత్రమే.

"తాతా, నూరింటికి ఒక్కటే తక్కువ. ఇంకొక్క ప్యాకెట్టు కొనిపెట్టవా?" అని వేడెను.

నేను పలకయు బలపమును తెమ్మంటిని. బాలలారా, మీరును ఈ లెక్కను వేసి చూడుడు. పది రకముల కార్డులు సమానముగా కలిసియున్నవనియు, ప్యాకెట్టుకు ఒకటే కార్డనియు, వెల పది రూపాయలనియు అనుకొనుడు. మొదటి ప్యాకెట్టులో కొత్తది తప్పక వచ్చును. సగము రకములు చేరినపిమ్మట కొత్తది వచ్చుటకు సగటున రెండు ప్యాకెట్లు కావలెను. తొమ్మిది చేరినపిమ్మట ఆ పదవదానికై సగటున పది ప్యాకెట్లు! అన్నియు కూడినచో సుమారు 29 అగును. పది కార్డులకు 290 రూపాయలు. చేతిలో మిగులునవి 19 రెండవ ప్రతులు. నూరు రకములైనచో మొత్తము సుమారు 519 ప్యాకెట్లు. చివరి కార్డునకే నూరు. తయారుచేయువారు కొన్నింటిని తక్కువగా అచ్చువేసినచో ఈ లెక్క ఇంకను పెరుగును. పైగా, తొంబది ప్యాకెట్లు వ్యర్థమైనవి గనుక తరువాతిదానిలో తప్పక వచ్చునని తలంపరాదు. ప్యాకెట్టునకు మన నష్టము తెలియదు.

"కాని కొన్ని కార్డులకు కోట్లు వచ్చునట గదా!" అని వాడు పట్టువిడువలేదు.

అదియు నిజమే. న్యూయార్కు నగరపు టాప్స్ సంస్థ 1952లో బేస్‌బాల్ క్రీడాకారుల కార్డులను బబుల్ గమ్‌తో కలిపి అమ్మెను. అమ్ముడుపోక మిగిలినవి గిడ్డంగిలో చోటు మాత్రము తినుచుండెను. 1960లో వానిని పడవపై కొనిపోయి అట్లాంటిక్ సముద్రమున పారబోయించితినని ఆ సంస్థ ఉద్యోగి సై బర్గర్ తరువాతి కాలమున చెప్పెను. ఆ 1952 వరుసలోని మిక్కీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు వేలమున పోయినది. ఎవరికిని అక్కరలేక సముద్రముపాలైనందున మిగిలినవి అరుదయ్యెను. అందును ఆ కార్డు మూలలు నలగలేదు, రంగు వెలియలేదు. పిల్లలు ఆడుకొనిన కార్డునకు అంత ధర రాదు. ఆడుకొనని కార్డు పిల్లలకేల?

నా మనుమడు తన కార్డుల మూలలను వ్రేలితో తడిమి చూచుకొని ఊరకుండెను.

మరునాడు ప్రొద్దుననే వాడు రెండవ ప్రతుల కట్టను చేతబట్టి ఎదురింటి పిల్లవానియొద్దకు పోయెను. అరగంటసేపు వారి బేరము వీధి చివరకు వినవచ్చెను. ఆరు కార్డులిచ్చి నూరవదానిని తెచ్చి నాకు చూపెను. ఆరు ఎక్కువయో తక్కువయో నేను చెప్పలేదు, వాడును అడుగలేదు.