రేడియో ఆపితే కంప్యూటర్ ఎందుకు బిగుసుకుపోయింది?



పోయిన నెల తొమ్మిదో తరగతి విద్యార్థి నాన్నగారు ఫోన్ చేశారు. "మేడం, మావాడు ల్యాప్‌టాప్ పాడు చేసేశాడండీ. వాళ్ల మామయ్య హామ్ రేడియో ఏదో ఆపబోతే మొత్తం బిగుసుకుపోయింది. రెండు తగిలించాను కూడా" అన్నారు. ఆ రెండూ అన్యాయంగా పడ్డాయి. అందుకే ఈ నెల ఈ పాఠం.

హామ్ రేడియో లైసెన్సు తీసుకుని నడిపే సొంత రేడియో. 12 ఏళ్లు నిండితే పరీక్ష రాయవచ్చు. లైసెన్సు లేకుండా ప్రసారం చేయకూడదు. సెల్ టవర్లు పడిపోయినా ఇది పనిచేస్తుంది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ కబురు బయటికి చేరడం ఎంత కష్టమైందో మన ఇళ్లలో పెద్దలకు తెలుసు. అలాంటి రాత్రి కంప్యూటర్ బిగుసుకుంటే చిన్న విషయం కాదు.

ఈ రేడియోను కంప్యూటర్‌కు కలిపి టైపు చేసిన సందేశాలు పంపే పద్ధతి పేరు ఏఎక్స్.25. వేగం మామూలుగా సెకనుకు 1200 బిట్లే. లినక్స్‌లో ఇది వైఫైలాగే ఒక నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్; పేరు ఏఎక్స్0.

సాయంత్రం మన స్కూల్ గేటు తలుచుకోండి. వాచ్‌మన్ రిజిస్టరు చూసి, అందరూ వెళ్లాకే తాళం వేస్తాడు. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ వాచ్‌మన్ కెర్నల్. ఏఎక్స్0ను ఎన్ని ప్రోగ్రాములు వాడుతున్నాయో లెక్క రాసుకుంటుంది. వెళ్లిపోయిన పిల్లాడి పేరు కొట్టేయకపోతే తాళంచెవి పట్టుకుని నిలబడే ఉంటుంది. అప్పుడు తెరమీద "ఏఎక్స్0 ఖాళీ అయ్యేదాకా ఆగుతున్నాను" అన్న అర్థంలో సందేశం పదే పదే వస్తుంది. అసలు పేరే రాయని పిల్లాడు లోపలుంటే? తాళం పడిపోతుంది. ఖాళీ చేసేసిన మెమరీలోకి ఆ ప్రోగ్రాము చెయ్యి పెడుతుంది, సిస్టమ్ కుప్పకూలుతుంది. 2022లో కెర్నల్ ఏఎక్స్.25 భాగంలో సరిగ్గా ఇలాంటి లెక్క తప్పులే వరసగా సరిచేశారు. అంటే తప్పు బటన్ నొక్కిన పిల్లాడిది కాదు.

మరి ఏం చేయాలి? ముందు తెరను ఫోన్‌తో ఫోటో తీయండి. అలా కూలినప్పుడు చివరి వరసలు డిస్కుమీదికి చేరకపోవచ్చు, ఫోటో ఒక్కటే ఆధారం. కెర్నల్ వెర్షన్ నంబరు రాసుకుని, పాతదైతే అప్‌డేట్ చేయించండి. ఆపేటప్పుడు వరస ముఖ్యం: మొదట అవతలి స్టేషన్‌తో కనెక్షన్ తెంపాలి, తర్వాత రేడియోను వాడే ప్రోగ్రాములన్నీ మూయాలి, ఆ తర్వాతే ఏఎక్స్0ను ఆపాలి. యూఎస్‌బీ కేబుల్ అన్నిటికన్నా చివర. మావాళ్లు చాలామంది ముందు పీకేది అదే!

ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది పాత కెర్నలే. మార్చాక బిగుసుకోవడం లేదట. నాన్నగారు మాత్రం షట్‌డౌన్ అయ్యేదాకా పక్కనే నిలబడుతున్నారని మావాడి ఫిర్యాదు.