ఇంగ్లీషుకూ యాసలున్నాయి

నేటి పోటీ ప్రపంచంలో ఇంగ్లీషు అవసరం ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. బ్యాంకు ఫారం మొదలు ఉద్యోగ ఇంటర్వ్యూ దాకా అన్నిచోట్లా అదే ఎదురవుతుంది. హాస్టల్లో ఉండి చదువుకునే మనలో చాలామందికి టెన్సులు, వాయిసులు, డైరెక్టు - ఇన్‌డైరెక్టు స్పీచ్ బాగానే వచ్చు. పరీక్షలో మార్కులూ వస్తాయి. కానీ ఇంగ్లీషు సినిమా చూసినా, విదేశీయులు మాట్లాడినా, నగరంలో చదివినవారు గబగబా నాలుగు ముక్కలు అన్నా తల తిరుగుతుంది. "మనది తెలుగు మీడియం, ఇక మనకు రాదు" అని అక్కడే ఆగిపోయినవారు ఎందరో. ఈ మాట డిగ్రీలోనూ పీజీలోనూ తోటివారి నోట మేము ఎన్నోసార్లు విన్నాం. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే కనుక, ఇలాంటి సంగతులు ఇంట్లో అడిగి తెలుసుకునే వీలు మాకు లేకపోయింది. తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. వినగానే అర్థం కాలేదంటే మీకు ఇంగ్లీషు రాదని కాదు. మీ పుస్తకంలో లేని యాస ఏదో మీ చెవిన పడిందని అర్థం. యాసలంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు.

1. మన హాస్టల్ నుంచే మొదలుపెడదాం

ఒకే గింజను ఒకరు వేరుశనగ అంటారు, ఒకరు పల్లీలు అంటారు, కర్నూలు వైపు బుడ్డలు అంటారు. టమాటా ఉత్తరాంధ్రలో రామ్ములక్కాయ అవుతుంది. 'వచ్చాడు', 'వచ్చిండు', 'వచ్చినాడు' అన్నా మనిషి వచ్చిన సంగతి ఒక్కటే. వేర్వేరు జిల్లాల పిల్లలు ఒక గదిలో చేరితే మొదటి నెల కొన్ని మాటలు వింతగా ఉంటాయి. దసరా సెలవులొచ్చేసరికి అందరి మాటా అందరికీ అర్థమవుతుంది. దీనికి ఎవరూ గ్రామరు పుస్తకం కొనలేదు. వినగా వినగా వచ్చింది, తెలియనిది అడగగా వచ్చింది.

ఇక్కడ మూడు పేర్లు గుర్తు పెట్టుకోవాలి. పలికే తీరు మారితే యాస. మాటలూ వ్యాకరణమూ కూడా మారితే మాండలికం. ఒక వయసువారో, ఒక వృత్తివారో తమలో తాము చనువుగా వాడుకునేది స్లాంగ్. మనం 'సినిమా కేక' అన్నా, 'సొల్లు ఆపరా' అన్నా స్లాంగే. పరీక్షలో మాత్రం అలా రాయం కదా!

2. శబ్దాలు మారే తీరు

చెవికి మొదట అడ్డుపడేవి శబ్దాలే. నాలుగు మార్పులు తెలుసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

'ర' శబ్దం: లండన్ చదువరులు మాట చివరి 'ర'ను పలకరు. కార్ అన్నది 'కా' అని వినిపిస్తుంది. అమెరికాలో ఎక్కువమంది దానిని స్పష్టంగా పలుకుతారు.

'ట' శబ్దం: అమెరికావారి నోట రెండు అచ్చుల నడుమ ఇది మెత్తబడుతుంది. వాటర్ 'వాడర్' లాగా, బెటర్ 'బెడర్' లాగా వినిపిస్తాయి.

'హ' శబ్దం: తూర్పు లండన్ శ్రామికుల కాక్నీ యాసలో మాట మొదటి 'హ' పోతుంది. హౌస్ 'అవుస్' అవుతుంది. థింక్ 'ఫింక్' అవుతుంది.

కలిసిపోయే మాటలు: గోయింగ్ టు 'గొన్న' అవుతుంది, వాంట్ టు 'వన్న', డోంట్ నో 'డన్నో' అవుతాయి. మనం 'ఏమి చేస్తూ ఉన్నావు' అని పూర్తిగా అనం, 'ఏంచేస్తున్నావ్' అంటాం. ఇదీ అంతే. నోటి వేగానికి మాటలు కుదించుకుంటాయి.

3. మాటలు మారే తీరు

స్కాట్లాండులో చిన్నదానిని 'వీ' అంటారు, పసిపిల్లను 'బేర్న్' అంటారు, అవును అనడానికి 'ఐ' అంటారు. ఇంగ్లండు ఉత్తరాన ఉన్న యార్క్‌షైర్‌లో నథింగ్‌కు బదులు 'నౌట్' వినిపిస్తుంది. అక్కడ చాలా ఇళ్లలో మధ్యాహ్న భోజనం డిన్నర్, సాయంత్రం భోజనం టీ. టీకి రమ్మని పిలిస్తే కప్పు తేనీరే అనుకుని కడుపు నింపుకుని వెళ్లకూడదు. ఆస్ట్రేలియావారికి మాటలు కత్తిరించడం సరదా. ఆఫ్టర్‌నూన్ 'ఆర్వో' అవుతుంది, బ్రేక్‌ఫాస్ట్ 'బ్రెకీ' అవుతుంది, దోమ 'మోజీ' అవుతుంది.

వీటిలో ఒకటి ప్రత్యేకంగా చూడాలి. తెలుగులో నువ్వు వేరు, మీరు వేరు. ఇంగ్లీషులోనూ ఒకప్పుడు 'దౌ' ఏకవచనంగా, 'యు' బహువచనంగా ఉండేవి. తర్వాత 'దౌ' మామూలు వాడుక నుంచి తప్పుకుని, ఒక్క 'యు' రెండు పనులూ చేయవలసి వచ్చింది. ఆ లోటు జనం తీర్చుకున్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మీరందరూ అనడానికి 'యాల్' పుట్టింది, ఐర్లండులోనూ లివర్‌పూల్‌లోనూ 'యూజ్' పుట్టింది. పుస్తక భాషలో లేని సౌకర్యం మాండలికంలో ఉందన్నమాట.

4. స్లాంగ్ కథలు

కాక్నీవారికి ప్రాసల స్లాంగ్ ఉంది. మెట్లను స్టెయర్స్ అంటారు కదా, దానికి ప్రాసగా 'ఆపిల్స్ అండ్ పేర్స్' అంటారు. తలకు హెడ్ బదులు ప్రాస కుదిరే 'లోఫ్ ఆఫ్ బ్రెడ్' అని, చివరికి 'లోఫ్' అని కుదించారు. 'యూజ్ యువర్ లోఫ్' అంటే బుర్ర వాడమని. పదం పదం విడదీసి నిఘంటువు చూస్తే రొట్టె దొరుకుతుంది, అర్థం దొరకదు.

బ్రిటిష్ స్లాంగులో మన దేశపు మాటలూ ఉన్నాయి. ఇక్కడ పనిచేసిన సైనికులు వెంట తీసుకుపోయినవి అవి. 'హావ్ ఎ డెక్కో' అంటే ఒకసారి చూడు అని. అది హిందీ 'దేఖో'. నాసిక్ దగ్గరి దేవ్‌లాలీ శిబిరంలో సైనికులు ఇంటికి వెళ్లే ఓడ కోసం ఎదురుచూస్తూ విసిగిపోయేవారు. ఆ ఊరి పేరు మీదనే మతి చలించడాన్ని 'డూలాలీ' అన్నారు. స్లాంగ్ కాకపోయినా ఇంకొక మాట చెప్పుకోవాలి. ఇంగ్లీషు నిఘంటువులోని 'బ్యాండికూట్' మన తెలుగు పందికొక్కే!

5. ఏది తప్పు, ఏది ఒప్పు?

ఇది ముఖ్యమైన ప్రశ్న. అమెరికాలో నల్లజాతివారి ఇంగ్లీషులో 'హి బి వర్కింగ్' అన్న వాక్యం ఉంది. మన గ్రామరు పుస్తకం దానిని కొట్టేస్తుంది. కానీ వాళ్ల భాషలో దాని అర్థం అతడు రోజూ పనిచేస్తుంటాడని. ఇప్పుడు పనిలో ఉన్నాడని చెప్పాలంటే 'హి వర్కింగ్' అంటారు. అంటే అక్కడా నియమం ఉంది, వేరే నియమం. విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త ఈ సంగతిని ఉదాహరణలతో చూపాడు.

ఆయనే 1962లో న్యూయార్క్‌లో మూడు దుకాణాలకు వెళ్లాడు. ఒకటి ఖరీదైనది, ఒకటి మధ్యరకం, ఒకటి చవక. నాలుగో అంతస్తులో దొరికే వస్తువు ఎక్కడని అడిగి, ఉద్యోగులు 'ఫోర్త్ ఫ్లోర్' అనడంలో 'ర' పలుకుతున్నారో లేదో గమనించాడు. దుకాణం ఎంత ఖరీదైనదైతే 'ర' అంత ఎక్కువగా వినిపించింది. ఇప్పుడు ఆలోచించండి. లండన్‌లో 'ర' పలకకపోవడం గౌరవం, న్యూయార్క్‌లో పలకడం గౌరవం. అయితే గొప్పతనం ఆ శబ్దంలో ఉందా, పలికేవారి డబ్బులోనూ హోదాలోనూ ఉందా?

1913లో తొలిసారి ప్రదర్శించిన బెర్నార్డ్ షా నాటకం 'పిగ్మేలియన్' కథా ఇదే. వీధిలో పూలమ్మే అమ్మాయి మాట మార్చుకోగానే పెద్దింటివారు ఆమెను తమలో ఒకతె అనుకుంటారు. మనిషి మారలేదు, ఉచ్చారణ మారింది.

మన దగ్గరా ఇలాగే జరిగింది. ఊరి మాట మాట్లాడితే నవ్వినవారున్నారు, సినిమాల్లో ఆ మాటను హాస్యానికే వాడినవారున్నారు. జనం మాట్లాడే భాష వైపు నిలబడిన గిడుగు రామమూర్తి జయంతిని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా, కాళోజీ జయంతిని సెప్టెంబరు 9న తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు సేద్యపు మాటలన్నీ ఊరూరా సేకరింపజేయగా 1962లో మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. మన అమ్మానాన్నలు పొలంలో వాడే మాటలు పండితుల నిఘంటువుకెక్కాయి. కనుక ఇంట్లో మాట గురించి సిగ్గు వద్దు. మనకు ఇంకొకరి యాస వచ్చినప్పుడు నవ్వడమూ వద్దు.

6. మన ఇంగ్లీషు సంగతి

భారతీయుల ఇంగ్లీషూ ఒక మాండలికమే. 'ప్రీపోన్' ఎక్కువగా మన దగ్గరే వినిపించే మాట, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల్లోకీ ఎక్కింది. అయితే 'ఐ పాస్డ్ అవుట్ లాస్ట్ ఇయర్' అని విదేశీయులతో అంటే నిరుడు స్పృహ తప్పి పడిపోయారా అనుకుంటారు. అక్కడ 'గ్రాడ్యుయేటెడ్' అనాలి. 'అవుట్ ఆఫ్ స్టేషన్' అన్నా వారికి తెలియదు, 'అవుట్ ఆఫ్ టౌన్' అనాలి.

7. చేయవలసిన పనులు

అ) అర్థం కానప్పుడు తల ఊపకండి. 'సారీ, కుడ్ యు సే దట్ అగెయిన్, ప్లీజ్?' అనండి. మాట తెలియకపోతే 'వాట్ డజ్ దట్ మీన్?' అనండి. ఈ రెండు వాక్యాలూ నోటికి రావాలి.

ఆ) క్రికెట్ ఇష్టపడేవారికి మంచి పాఠశాల ఉంది. ఆస్ట్రేలియా రిచీ బెనో, జమైకా మైకేల్ హోల్డింగ్, యార్క్‌షైర్ జెఫ్రీ బాయ్‌కాట్ పాత వ్యాఖ్యానాలు వినండి. ఆట తెలిసిందే కనుక మాట ఊహకు అందుతుంది.

ఇ) ఒక చిన్న నోటుపుస్తకంలో మాట, అర్థం, ఎవరు ఎవరితో అన్నారు అని మూడు గళ్లు గీసి రాసుకోండి. మూడో గడి అన్నిటికన్నా ముఖ్యం. స్నేహితుడితో అనే మాట అధికారితో అనకూడదు.

ఈ) స్లాంగ్ అర్థం చేసుకోవడానికి తొందరపడండి, వాడటానికి తొందరపడకండి. సినిమాల్లోని కొన్ని మాటలు బూతులు. పైగా స్లాంగ్ త్వరగా పాతబడుతుంది.

ఉ) పరీక్షలో, దరఖాస్తులో, ఇంటర్వ్యూలో పాఠ్యపుస్తకపు ఇంగ్లీషే వాడండి. దాన్ని వదలమని మేము చెప్పడం లేదు. అది అందరికీ అర్థమయ్యే రహదారి, యాసలు ఊళ్లలోకి పోయే బాటలు.

అభ్యాసం: అర్థం చెప్పండి

1. ఐ డన్నో వాట్ హీస్ గొన్న డూ. 2. ఆర్ యాల్ కమింగ్? 3. సీ యు దిస్ ఆర్వో. 4. ఐ హావ్ నౌట్ టు సే.

జవాబులు: 1. అతడేం చేయబోతున్నాడో నాకు తెలియదు. 2. మీరంతా వస్తున్నారా? 3. ఈ మధ్యాహ్నం కలుద్దాం. 4. నేను చెప్పేదేమీ లేదు.

నాలుగూ చెప్పగలిగితే సంతోషం. రెండే చెప్పగలిగినా దిగులు వద్దు. పక్క మంచం మీది స్నేహితుడి యాస మనకు నెలలో వచ్చింది, ఇదీ వినగా వస్తుంది. వచ్చే వార్షికోత్సవం నాటికి మీలో ఒకరు ఇంగ్లీషులోనే వేదిక మీద మాట్లాడాలనీ, ఆ మాటలో మీ ఊరి పలుకుబడి వినిపించినా తలెత్తుకుని నిలబడాలనీ కోరుకుంటున్నాం.