ఆరేళ్ల లెక్క



మనవరాలా, నీ పది ఫలితాలు వచ్చినప్పటి నుంచి ఇంట్లో రోజూ ఒకటే వాదన అని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంటర్ ఎంపీసీలో చేర్పిస్తానని మీ నాన్న, పాలిటెక్నిక్‌కే పోతానని నువ్వు. డిప్లొమాతో చదువు ఆగిపోతుందన్నది మీ నాన్న భయం. పలమనేరు నుంచి సత్యవేడు దాకా ఎన్నో ఇళ్లలో ఉన్న భయమే అది. ఎంతవరకు నిజమో కాగితం మీద లెక్క వేసి చూడు.

ఇంటర్ రెండేళ్లు, ఈఏపీసెట్ రాసి బీటెక్ నాలుగేళ్లు: మొత్తం ఆరు. పాలిసెట్ రాసి డిప్లొమా మూడేళ్లు, ఆ తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరితే ఇంకో మూడేళ్లు: ఇదీ ఆరే. తేడా అంతా నడిమధ్యలో ఉంది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ లాంటి బ్రాంచీలో డిప్లొమా పాసైన పిల్ల అక్కడ ఆగినా, రైల్వే జూనియర్ ఇంజనీరు పరీక్షకు కూర్చోవచ్చు. ఒకేషనల్ గ్రూపులు పక్కన పెడితే, ఇంటర్‌తో ఆగిన పిల్లకు చేతిలో ఒక పని అంటూ ఉండదు.

అట్లాగని డిప్లొమా సులువని ఎవరైనా చెబితే నమ్మొద్దు. మొదటి ఏడాదే లెక్కలు గట్టిగా ఉంటాయి. ఈసెట్ సీట్లు తక్కువ. రెండో సంవత్సరం క్లాసులో కూర్చున్నాక, ఇంటర్‌లో రెండేళ్లు లెక్కలు రుద్దుకొచ్చిన పిల్లలను అందుకోవాలంటే రాత్రిళ్లు మేలుకోవాల్సిందే.

ఐటీఐ సంగతీ తెలుసుకో. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ ట్రేడ్లు రెండేళ్లు, వెల్డర్ ఒక ఏడాది. పాసైనవాళ్లు 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కార్ఖానాలో స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. జర్మనీలో వృత్తి నేర్చుకునే పిల్లలు వారంలో కొన్ని రోజులు కంపెనీలో, మిగతా రోజులు వృత్తి బడిలో గడుపుతారు. అక్కడ దాన్ని ఎవరూ చిన్నచూపు చూడరు. మన దగ్గర రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పరీక్ష రాస్తే పన్నెండో తరగతికి సమానమైన అర్హత కూడా వస్తుంది. ఈ మాట చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. తెలియకే భయపడతారు.

ఇంటర్ తప్పనిసరి అయిన చదువులూ ఉన్నాయి. డాక్టరు కావాలంటే ఇంటర్ స్థాయిలో బయాలజీ, నీట్ తప్పవు. 2015లో మొదలైన తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదివి పరిశోధన వైపు పోవాలంటే ఇంటర్ సైన్సే దారి. నీకు ఆ పరిశోధన కోరిక ఉంటే మీ నాన్న మాటే వినాలి.

కొందరు పిల్లల మనసు ఇంటర్ మీదా ఉండదు, ఇంజనీరింగ్ మీదా ఉండదు. పశువులంటే ప్రాణమున్నవాళ్లకు శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద పది తర్వాత రెండేళ్ల డిప్లొమా ఉంది. పాడి మీద బతికే మన జిల్లాలో అది చిన్న చదువేమీ కాదు. తిరుపతిలోనే టీటీడీ శిల్ప కళాశాలలో రాతి శిల్పం, ఆలయ నిర్మాణం నేర్పుతారు.

కరకంబాడిలో అమరరాజా బ్యాటరీల ఫ్యాక్టరీ గేటు దగ్గర షిఫ్టు మారేటప్పుడు ఒకసారి నిలబడి చూడు. 1985లో ఆ సంస్థను స్థాపించిన గల్లా రామచంద్ర నాయుడు పేటమిట్ట నుంచి బయల్దేరి ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్లి, తిరిగొచ్చినవారు. ఆ గేటులోంచి వచ్చేవాళ్లలో ఐటీఐ చేసినవాళ్లూ ఉంటారు, డిప్లొమావాళ్లూ ఉంటారు, బీటెక్‌వాళ్లూ ఉంటారు. శ్రీసిటీలో ఇసుజు, డైకిన్ లాంటి ఫ్యాక్టరీలకూ ఈ ముగ్గురూ కావాలి.

ఈ తాత పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పాఠం చెప్పిన రోజుల్లో ఫిట్టింగ్ షాపులో మొదటి పని ఒకటే. ఇనుప ముక్కను ఆకురాయితో రుద్దాలి. మూలమట్టం ఆనించి చూస్తే సందులోంచి వెలుతురు రాకూడదు. కొందరు పిల్లలు పది నిమిషాలకే విసుక్కునేవాళ్లు. కొందరు భోజనం గంట కొట్టినా కదిలేవాళ్లు కాదు. వాళ్లు ఏ దారిలో పోవాలో మార్కుల జాబితా చూడకుండానే తెలిసిపోయేది.

నీలో ఆ విసుగు ఉందో, ఆ పట్టు ఉందో ఇంట్లో కూర్చుని వాదిస్తే తేలదు. పాలిసెట్ కౌన్సెలింగ్‌కు ఇంకా రోజులున్నాయి. వచ్చే సోమవారం మీ నాన్నను వెంటబెట్టుకుని పొద్దున బస్సుకే తిరుపతికి రా. ప్రభుత్వ పాలిటెక్నిక్, పద్మావతి మహిళా పాలిటెక్నిక్ రెండూ చూద్దాం. అనుమతి అడిగి వర్క్‌షాపులోకీ పోదాం. మధ్యాహ్నం ఏర్పేడు వెళ్లి ఐసర్ కూడా చూద్దాం. బస్టాండులో నీకోసం నిలబడి ఉంటాడు,

మీ తాత.